నలభై సెంటీమీటర్లు తన పేర రాసుకున్న శ్రీ షేక్ ఐజాజ్ అహ్మద్ గారు

1988 జూలై 11వ తేదీ, సోమవారం ఉదయం, ఇరవై రెండేళ్ల యువకుడొకరు నరసరావుపేటలో తొలి బస్సెక్కి, మాచర్ల దారిలో దిగి, అక్కడి నుంచి రెండు మైళ్లు నడిచి, మోకాలెత్తు గడ్డి మొలిచిన ఒక చిన్న విమాన మైదానం ముందు నిలబడి, తన నియామక పత్రాన్ని కాపలాదారు చేతిలో పెట్టారు. ఆఫీసు ఎక్కడని అడిగితే, కాపలాదారు తాను కూర్చున్న రేకుల షెడ్డునే చూపించాడట. "ఇదే ఆఫీసు సార్. కుర్చీ ఒకటే ఉంది. మీరు కూచోండి, నేను బయట నిలబడతా" అన్నాడట. ఆ యువకుడు కూర్చోలేదు. రన్‌వే పొడవెంతో అడిగి, ఆ సంగతి కాపలాదారుకు కూడా సరిగ్గా తెలియదని గ్రహించి, టేపు తీయించి, ఇద్దరూ కలిసి మధ్యాహ్నం వరకూ కొలిచారు. ఆ యువకుడే ఈ నెల ముప్పైన మన ఇంజనీరింగ్ సేవల విభాగం నుంచి పదవీ విరమణ చేస్తున్న మన ఆత్మీయ సహోద్యోగి శ్రీ షేక్ ఐజాజ్ అహ్మద్ గారు.

ఐజాజ్ గారు నరసరావుపేటలో ఒక శ్రమజీవుల కుటుంబంలో జన్మించారు. వారి తండ్రిగారు, కీర్తిశేషులు పీర్ సాహెబ్ గారు, వ్యవసాయ మోటార్లకు వైండింగ్ కట్టే షాపు నడిపేవారు. కాలిపోయిన మోటారు తెచ్చిన రైతుకు, అది ఎందుకు కాలిందో చెప్పకుండా తిరిగి ఇచ్చేవారు కాదని, ఒకవేళ అది తాము కట్టిన చుట్టలో లోపమే అయితే ఆ మాట కూడా దాచేవారు కాదని ఆ వీధిలో పాతవారు ఇప్పటికీ అంటారు. తండ్రిగారి షాపులో సాయంత్రాలు పనిచేస్తూనే ఐజాజ్ గారు సివిల్ ఇంజనీరింగ్ డిప్లొమా పూర్తిచేసి, జూనియర్ ఇంజనీరుగా ప్రభుత్వ సేవలో ప్రవేశించారు.

తొలి అయిదేళ్లు ఆ గడ్డి మైదానంలోనే గడిచాయి. విమానం ఎప్పుడో గాని దిగేది కాదు. దిగే రోజున మేకల్ని తోలడం, గాలివాటం చూపే గుడ్డసంచీకి చిరుగులు కుట్టించడం, వానకు కోసుకుపోయిన అంచుల్ని మట్టితో పూడ్పించడం, ఇవన్నీ ఆ జూనియర్ ఇంజనీరు విధుల్లోకే వచ్చేవి. 1993లో బదిలీ అయింది. ఆపై ఇరవై ఒక్క సంవత్సరాలు, కోస్తాలో రెండు చోట్ల, సీమలో ఒకచోట, వివిధ విమానాశ్రయాల్లో రన్‌వే మరమ్మతులు, మురుగు కాలువలు, ప్రహరీలు, అగ్నిమాపక కేంద్రాల నిర్మాణం చూశారు. కోస్తాలో ఒక తుపాను తర్వాత మూడు రోజుల్లో రన్‌వే మీది ఇసుక తొలగించి సహాయక విమానాలకు దారి చేసిన బృందంలో వారొకరు. ఆ సందర్భంగా అందిన ప్రశంసాపత్రం ఎక్కడుందో తనకు గుర్తులేదని వారంటారు; అది భద్రంగా తమ బీరువాలో ఉందని వారి సతీమణి శ్రీమతి సయీదా గారు నాకు చెప్పారు. నరసరావుపేటలో ఉపాధ్యాయినిగా పనిచేస్తూ, బదిలీల కాలమంతా ఇంటిని, కుమార్తె ఆసియాను ఒంటిచేత్తో సాకిన ఆ తల్లికి ఈ అభినందన సంచికలో సగం పుటలు చెందాలి.

2014లో ఐజాజ్ గారు తిరిగి మన ప్రాంతానికి వచ్చారు. ఒకప్పటి ఆ గడ్డి మైదానమే అయిన మన విమానాశ్రయ స్థాయిని పెంచాలన్న నిర్ణయం అప్పుడే వెలువడింది. కొత్త టెర్మినల్ లేచింది, విమానాలు నిలిచే చప్టా విస్తరించింది, రాత్రి దీపాలు వచ్చాయి, పదిహేడు వందల మీటర్ల రన్‌వేను పెద్ద విమానాలకు అనువుగా ఇరవై మూడు వందల మీటర్లకు పొడిగించే పని మొదలైంది. ఈ పనుల్లో మట్టాలు, వాలులు, నీటి పారుదల, అంటే భూమికి సంబంధించిన లెక్క అంతా ఐజాజ్ గారిదే. నల్లరేగడి స్వభావం వారికి తెలిసినంతగా మాలో ఎవరికీ తెలియదు. వానకు ఉబ్బి, ఎండకు పగిలే ఆ నేల మీద కాంక్రీటు వేయాలంటే ముందు దానితో మర్యాదగా మాట్లాడాలని కొత్తగా చేరినవారికి చెప్పేవారు.

అలా చెప్పించుకున్నవారిలో నేనొకదాన్ని. గురజాల దగ్గర వ్యవసాయ కుటుంబంలో పుట్టి, ఇంజనీరింగ్ డిగ్రీతో 2015లో చేరిన నాకు, హోదాలో నా కింద ఉన్న ఐజాజ్ గారే నిజానికి గురువు. నేల ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ యంత్రంలోంచి చూడడం కళాశాలలో నేర్చుకున్నాను. చూసిన అంకెను నమ్మే ముందు మరోసారి చూడడం వారి దగ్గర నేర్చుకున్నాను. శివరాత్రికి మన సిబ్బందిలో సగం మంది కోటప్పకొండ ప్రభల వెంట పోవాల్సినవారే గనుక, ఆ రెండు రోజులూ ఐజాజ్ గారు ఏనాడూ సెలవు పెట్టలేదు. రంజాన్‌కు వారి డ్యూటీ మేము పంచుకునేవాళ్లం. ఈ ఏర్పాటు ఎవరూ కాగితం మీద రాయలేదు.

ఇక, ఏ అభినందన వ్యాసంలోనూ సాధారణంగా రాయని సంగతి ఒకటి రాయబోతున్నాను. ఐజాజ్ గారి అనుమతితోనే రాస్తున్నాను.

2022 ఫిబ్రవరికి రన్‌వే పొడిగింపు పూర్తయింది. ఏప్రిల్ 20న తొలి పెద్ద విమానం రావాలి. ఆహ్వానపత్రాలు అచ్చుకు వెళ్లాయి. మార్చి 9న ఐజాజ్ గారు, కొలకర్ర పట్టే సర్వే ఖలాసీ వెంకటకృష్ణతో కలిసి, ప్రహరీ పని కోసం మట్టాలు తీస్తున్నారు. ఒక పాత అంకె అవసరమై 1991లో కొలతలు రాసుకున్న తమ సొంత ఫీల్డ్ పుస్తకం తెరిచారు. ఆ పుస్తకంలో పక్కనున్న వాగు వరదమట్టం రాసి ఉంది.

"వెంకటకృష్ణా, ఈ మట్టం ఏ రాయి నుంచి తీసింది?" అని అడిగారు.

"షెడ్డు పక్కన రాయి గదా సార్. టెర్మినల్ కట్టేప్పుడు పీకేసి కొత్తది పాతాం. మీరే పాతిచ్చారు."

మట్టాలన్నిటికీ ఆధారంగా నిలిపే రాయిని మేము బెంచ్ మార్క్ అంటాం. పాత రాయి లెక్కకు, కొత్త రాయి లెక్కకు నలభై సెంటీమీటర్ల తేడా ఉంది. రన్‌వే చివరి నీటిని వాగులోకి పంపే కాలువను కొత్త రాయి లెక్కన కట్టారు. వాగు వరదమట్టాన్ని మాత్రం పాత పుస్తకం నుంచి ఉన్నదున్నట్టు ఎత్తిరాశారు. ఆ తేడా కలపడం మరిచారు. అంటే వాగు నిండుగా పారిన రోజున, వాన నీరు కాలువలోంచి వాగులోకి పోవడానికి బదులు, వాగు నీరే కాలువలోంచి వెనక్కి వచ్చి రన్‌వే చివర నిలుస్తుంది. విమానం దిగి వేగం తగ్గించుకునే చోటు అదే.

ఐజాజ్ గారు మూడుసార్లు మళ్లీ మట్టం తీయించారు. మూడుసార్లూ అదే అంకె. వెంకటకృష్ణ ఎండలో కర్ర పట్టుకుని నిలబడి, వారి ముఖం చూసి సంగతి గ్రహించి, మెల్లగా అన్నాడట: "సార్, ఆ వాగు అంత నిండుగా వచ్చేది పదేళ్లకోసారి. అప్పటికి మనం ఇద్దరం ఇక్కడ ఉంటామో లేదో."

"మనం ఉండం. విమానంలో జనం ఉంటారు గదరా" అన్నారు ఐజాజ్ గారు.

మరునాడు ఉదయం పది గంటలకు వారు అప్పటి ప్రాజెక్టు అధిపతి శ్రీ గోపీనాథ్ గారి గదిలోకి ఒక పేజీ నివేదికతో వెళ్లారు. నేనూ అక్కడే ఉన్నాను. మొదటి వాక్యం నాకు ఇప్పటికీ కంఠస్థం: "రన్‌వే పొడిగింపు భాగపు నీటి పారుదల లెక్కలో పొరపాటు జరిగింది, ఆ పొరపాటు చేసినది నేను."

గోపీనాథ్ గారు రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఐజాజ్ గారూ, వచ్చే నెలలో మీ ప్రమోషన్ ఫైలు కమిటీ ముందుకు పోతోంది. ముప్పై నాలుగేళ్ల తర్వాత వస్తోంది. ఒక్క వారం ఆగండి. వాగు గట్టు బలహీనంగా ఉందనో, ఇంకేదో కారణం చూపించి ఇంకో కాలువ మంజూరు చేయిద్దాం. పని జరుగుతుంది, మీకూ ఏం కాదు."

"సార్, గట్టు బలహీనమని రాస్తే పైవాళ్లు గట్టు బాగు చేయమంటారు. కాలువ మంజూరు చెయ్యరు. జబ్బు ఒకటైతే మందు ఇంకోటి ఇచ్చినట్టయిద్ది. ఉన్నది ఉన్నట్టు పంపండి."

గోపీనాథ్ గారు ఆ నివేదికను అక్షరం మార్చకుండా అదే రోజు పైకి పంపారు. ఆహ్వానపత్రాలను ఆపించారు. ఈ పని కూడా తేలికైనది కాదని వారి పట్ల గౌరవంతో ఇక్కడ చెబుతున్నాను.

పరిష్కారం ఐజాజ్ గారే చూపించారు. వాగులోనే రెండు వందల మీటర్ల దిగువన, నేల బాగా పల్లమైన చోటుకు కొత్త కాలువ తీస్తే ఎంత వరద వచ్చినా నీరు వెనక్కి రాదు. వానలు పడేలోగా తవ్వాలి. అయితే ఆ దారి శ్రీమతి వీరరాఘవమ్మ గారి మిరప చేను మీదుగా పోతుంది. రన్‌వే పొడిగింపుకే ఆమె భూమిలో మూడెకరాలు పోయాయి. మా ఆఫీసు జీపు కనిపిస్తే ఆమె ముఖం తిప్పుకునేవారు. కబురు పంపుదామని ఎవరో అంటే, ఐజాజ్ గారు నన్ను వెంటబెట్టుకుని స్వయంగా వెళ్లారు.

ఆమె చేను గట్టు మీదే నిలబడి మాట్లాడారు. "ఏందయ్యా మీ లెక్క? ముందు మూడెకరాలన్నారు, ఇచ్చాం. ఇప్పుడు కాలవంట. రేపు ఇల్లు కావాలంటారా?"

"లెక్క తప్పింది నేనేనమ్మా" అన్నారు ఐజాజ్ గారు. "వాగు నీళ్లు ఎంత ఎత్తుకొస్తాయో రాసుకోవడంలో పొరపాటు పడ్డా. ఇప్పుడు దిద్దకపోతే వానల్లో విమానానికి ప్రమాదం. మీరు వద్దంటే బలవంతం చెయ్యటానికి రాలా. నా తప్పుకి మిమ్మల్ని అడగాల్సొచ్చింది, అది చెప్పటానికే వచ్చా."

ఆమె ఆయన్ని ఎగాదిగా చూశారు. "ఇన్నేళ్లలో మీ ఆఫీసోళ్లు చానామంది వచ్చారు. తప్పు మాదే అన్నోడు ఒక్కడూ లేడు." చేను వైపు చెయ్యి చూపించారు. "కాయ పండి చెట్టు మీదే ఉంది. కూలోళ్లు దొరకట్లా. కాలవ పోయే కాడా, మట్టి పోసే కాడా కాయంతా కోయించు. కాలవ మీద ట్రాక్టరు పోయేట్టు పలకలు వెయ్యి. ఆనక సంతకం పెడతా."

కూలీలు మాకూ దొరకలేదు. మిరప కోతల కాలంలో పల్నాడులో కూలీలు దొరకడం ఎంత కష్టమో ఈ సంచిక చదివేవారికి నేను చెప్పనక్కరలేదు. అందుచేత, మార్చి 20 ఆదివారం ఉదయం, ఒక విమానాశ్రయ ఇంజనీరింగ్ విభాగం, పధ్నాలుగు మంది, చేతులకు నూనె రాసుకుని మిరప చేలోకి దిగింది. నేను చిన్నప్పుడు కోసినదాన్నే గనుక నాకు ఇబ్బంది లేదు. టెర్మినల్ నమూనాలు గీసే మా డ్రాఫ్ట్స్‌మన్ పచ్చికాయలు కూడా కోసేస్తుంటే వీరరాఘవమ్మ గారు గట్టు మీది నుంచి కేకలేశారు. పదకొండు గంటలకు గోపీనాథ్ గారు ఇస్త్రీ చొక్కాతో వచ్చి, చేతులు మడిచి, ఒక సాలు పట్టుకున్నారు. సయీదా గారు మా అందరికీ పులిహోర, పెరుగన్నం పెద్ద క్యారియర్లలో తెచ్చారు.

ఐజాజ్ గారు అందరికంటే వేగంగా కోస్తూ, చెమట పట్టి, ఆ చేత్తోనే ముఖం తుడుచుకున్నారు. మరుక్షణం చేలో కూలబడ్డారు. వీరరాఘవమ్మ గారు పరుగున మజ్జిగ చెంబుతో వచ్చి, కళ్ల మీద పోస్తూ, "చెయ్యి కళ్లకాడికి పోనీమాకయ్యా అని పొద్దున్నే చెప్పానా! ఇంజనీరంట, ఆ మాత్రం తెలవదా!" అని తిడుతూనే ఉన్నారు. కళ్లు మూసుకునే ఐజాజ్ గారు, "ఇది కూడా నా పొరపాటేనమ్మా, రాసిస్తా" అన్నారు. ఆమె నవ్వు ఆపుకోలేక చెంబు కింద పెట్టేశారు. ఆ గట్టు మీదే వేలిముద్ర కాదు, తానే అక్షరాలు కూడబలుక్కుని సంతకం పెట్టారు. సోమవారం ఉదయం తవ్వకం మొదలైంది.

తొలి పెద్ద విమానం ఏప్రిల్‌కు బదులు జూన్ 8న దిగింది. ఆ జూలైలోనే, పదేళ్లకోసారి వస్తుందనుకున్న వాన వచ్చింది. వాగు పాత కాలువ నోటిని పూర్తిగా ముంచేసింది. మేమంతా గొడుగులు పట్టుకుని రన్‌వే చివర, ప్రహరీ వెంబడి నిలబడ్డాం. కొత్త కాలువలో నీరు ఒక్క క్షణం కూడా ఆగకుండా దిగువకు పోతూ ఉంది. రన్‌వే మీద చెప్పుకోదగ్గ నీరు నిలవలేదు. మధ్యాహ్నం వాన తెరిపి ఇవ్వగానే నూట అరవై మందితో విమానం దిగింది. ప్రయాణికులు సామాన్లు తీసుకుని, ఆటోలు మాట్లాడుకుని, ఎవరి దారిన వారు వెళ్లారు. ఐజాజ్ గారు వాళ్ల వైపు చాలాసేపు చూస్తూ నిలబడ్డారు.

విచారణ జరిగింది. పొరపాటును స్వయంగా వెల్లడించినందుకు పెద్ద శిక్ష లేకపోయినా, మందలింపు పత్రం వచ్చింది, ప్రమోషన్ ఆగిపోయింది. 2024లో విభాగాధిపతి స్థానం ఖాళీ అయినప్పుడు, ఆ ప్రమోషన్ వచ్చి ఉంటే సర్వీసులో పెద్దవారిగా వారు కూర్చోవలసిన కుర్చీలో నేను కూర్చున్నాను. తొలిరోజు నన్ను ఆ గదిదాకా తోడ్కొని వచ్చి, ఫైళ్ల బీరువా తాళాలు చేతికిచ్చినవారు ఐజాజ్ గారే. అప్పటి నుంచి ఈ రెండేళ్లూ వారు తమ పని తాము, ఎప్పటిలాగే, నిండు మనసుతో చేసుకున్నారు. వారి ముఖంలో ఏ వెలితీ నాకు కనిపించలేదు. వెలితి ఉన్నది నాలో.

ఎందుకంటే, ఆ నీటి పారుదల లెక్కల కాగితం అడుగున రెండు సంతకాలున్నాయి. "తయారుచేసినవారు" అన్నచోట ఐజాజ్ గారిది. "తనిఖీ చేసినవారు" అన్నచోట నాది. తనిఖీ అంటే కూడికలు సరిచూడడం మాత్రమే కాదు, అంకెలు వచ్చిన ఫీల్డ్ పుస్తకం తెరిచి చూడడం కూడా. నేను తెరవలేదు. ఐజాజ్ గారు రాశారు గనుక సరిగ్గానే ఉంటుందనుకున్నాను. విచారణలో నన్ను అడిగినప్పుడు, కూడికలు సరిచూశానని చెప్పాను. అది అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు. ఐజాజ్ గారు ఆ ఎదుట కుర్చీలోనే కూర్చుని ఉన్నారు. నన్ను చూడలేదు, నా పేరు ఎత్తలేదు.

ఈ వ్యాసం రాయమని సంచిక సంపాదకులు అడిగినప్పుడు, గత వారం, నేను ఐజాజ్ గారి బల్ల దగ్గరకు వెళ్లి, నాలుగేళ్లుగా నోట రాని ఆ మాట చెప్పాను. ఫీల్డ్ పుస్తకం తెరవలేదని, అది సంచికలో రాయాలనుకుంటున్నానని, ఆ మేరకు పై కార్యాలయానికి కూడా ఒక లేఖ పంపుతున్నానని.

వారు చదువుతున్న ఫైలు మూసి, "నాకు విచారణ రోజే తెలుసమ్మా వాసంతి గారూ" అన్నారు. "నా పుస్తకం నా బీరువాలోనే ఉంది, తాళం నా దగ్గరే ఉంది. మీరు అడిగి తీసుకోలా. తెలవకుండా ఎట్లా ఉంటది?"

"మరి ఎందుకు చెప్పలేదు సార్?"

"నా తప్పు నేను చెప్పా. మీది మీరు చెప్పాలి గాని నేను చెప్పకూడదు గదమ్మా. ఒక్కటి మాత్రం చూస్తా వచ్చా. ఆ తర్వాత ఈ నాలుగేళ్లలో, నేను తెచ్చిన ఏ కాగితం మీదా మీరు ఫీల్డ్ పుస్తకం తెప్పించుకోకుండా సంతకం పెట్టలా. ఒక్కసారి కూడా. అప్పుడనుకున్నా, ఈ రన్‌వే సంగతి ఇక నేను చూసుకోనక్కర్లేదని."

లేఖ పంపాను. దాని ఫలితం ఏదైనా స్వీకరిస్తాను. చాలా కాలం తర్వాత నాకు హాయిగా నిద్ర పట్టిందని కూడా చెప్పాలి.

పదవీ విరమణ తర్వాత ఐజాజ్ గారు నరసరావుపేటలో తండ్రిగారి షాపు గదిని బాగుచేయించి, డిప్లొమా చదివే పిల్లలకు సర్వే నేర్పాలని సంకల్పించారు. సయీదా గారు కూడా ఏడాదిలో ఉద్యోగ విరమణ చేస్తున్నారు గనుక, పెళ్లయిన ముప్పై రెండేళ్లకు ఇద్దరూ రోజూ ఒకే ఇంట్లో, ఒకే సమయానికి భోజనం చేస్తారన్నమాట. కుమార్తె ఆసియా ఆ మాట చెప్పి నవ్వుతుంటే, ఐజాజ్ గారు మొదటిసారి సిగ్గుపడడం చూశాం.

ఐజాజ్ గారూ! మీరు కొలిచిన నేల మీద రోజూ వందల మంది క్షేమంగా దిగుతున్నారు. వారిలో ఒక్కరికీ మీ పేరు తెలియదు, మాకు తెలుసు. మీ కంటిచూపు లెవెల్ యంత్రం అవసరం లేనంత నిశితంగా నిలవాలని, మీ మోకాళ్లు మరో ముప్పై ఏళ్లు మిమ్మల్ని చేల గట్ల మీద నడిపించాలని, సయీదా గారి చేతి వంట తింటూ, శిష్యుల లెక్కలు దిద్దుతూ, మనవళ్లూ మనవరాళ్లూ ఎదిగే ముచ్చట చూస్తూ, నిండు ఆరోగ్యంతో నూరేళ్లూ మా మధ్య వర్ధిల్లాలని, విభాగంలోని ప్రతి ఒక్కరి తరఫున, చేతులు జోడించి కోరుకుంటున్నాను.

కె. వాసంతి
విభాగాధిపతి, ఇంజనీరింగ్ సేవలు